పద్నాలుగో తారీఖు దాకా

సేన్య్‌లో జనవరి అంటే గాలే.
కొండ మీంచి బురా దిగి
రేవులో పడవల్ని ఒకదానికొకటి కొట్టి చూస్తుంది.
రొట్టెల కొట్టు తలుపు ఎవరు తీసినా
బల్ల మీది పిండి లేచి
నా కనురెప్పల మీద వాలుతుంది.

ఈ రెండు వారాలూ నాకు రెండు గల్లాపెట్టెలు.
ఎడమది కూనలకి, కుడిది యూరోలకి.
పాతది పుచ్చుకోవాలి, కొత్తది తిరిగివ్వాలి.
గోడ మీద అతికించారు అంకె:
ఏడు పాయింటు అయిదు మూడు నాలుగు అయిదు సున్నా.
"చివర ఆ సున్నా ఎందుకూ?" అన్నాడు
వలలు బాగుచేసే బార్తుల్.
"మర్యాదకి" అన్నాను.

కూన అంటే మా భాషలో
చెట్లెక్కే చిన్న అడవి జంతువు.
ఒకప్పుడు దాని తోలే పన్ను, దాని తోలే కట్నం, దాని తోలే జరిమానా.
తోలు పోయి పేరు మిగిలింది.
ఒక కూన మీద బుల్బుల్ పాడేది,
రెండు కూనల మీద ట్యూనా ఈదేది,
అయిదింటి మీద ఎలుగుబంటి.
చిల్లరలో మొక్కజొన్న, ద్రాక్ష, ఆలివ్ కొమ్మ.
ఎడమ సొరుగు లాగితే
ఓ అడవి గలగలమని ఒక పక్కకి ఒరుగుతుంది.

బార్తుల్‌కి ఎనభై రెండు.
డబ్బుకి నమస్కారం పెట్టడు, తిట్టడు.
"పుట్టినప్పుడు ఓ రాజు బొమ్మ,
బడికెళ్ళేసరికి రాజు లేడు.
ఎనభైల్లో పడవ ఇంజను శుక్రవారం అమ్మాను,
సోమవారానికి ఆ డబ్బుకి దాని రెక్క కూడా రాలేదు.
ఇల్లు కొనాలంటే జర్మన్ మార్కులు,
యుద్ధంలో క్రొయేషియా దినారు,
ఆ తరవాత ఇదిగో, నీ జంతుశాల."
రొట్టె నొక్కి చూశాడు.
"ఇది మాత్రం ఎప్పుడూ ఇంతే గట్టి."

అరువు పుస్తకం మార్చమంది యజమానురాలు,
పద్నాలుగో తారీఖులోగా, ప్రతి పేరూ.
రాత్రిళ్ళు కూర్చుని భాగించాను.
కమ్మరి ఫెర్దో నలభై ఒక్క కూనలు
అయిదు నలభై నాలుగు అయింది.
"అప్పు చిక్కిపోయిందే!" అని నవ్వాడు.
జీతం కాగితం చూసుకోమన్నాను.
నవ్వు దాచుకున్నాడు.

నలభై మూడో పేజీలో ఫిలోమెనా.
పద్దెనిమిది కూనలు, రెండు రొట్టెలు,
"వచ్చే వారం ఇస్తా" అని పెన్సిలు గుర్తు.
నవంబరులో పోయింది.
రెండు ముప్ఫైతొమ్మిది అని రాయబోయి ఆగాను.
ఆవిడ యూరో ముఖమే చూడలేదు,
చూడని డబ్బులో ఎలా బాకీ పడుతుంది?
కొట్టెయ్యమంది యజమానురాలు.
కొట్టెయ్యలేదు. పేజీ తిప్పేశాను.

పద్నాలుగు సాయంత్రం, మూసేవేళ,
బార్తుల్ వచ్చాడు. రొట్టె అడగలేదు.
జేబులోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు,
తొమ్మిది నాణేలు,
తొమ్మిది ట్యూనాలు, అన్నీ ఒకే వైపు ఈదుతూ.
"ఫిలోమెనావి.
తీసుకున్నది కూనల్లో కదా."

వాళ్ళిద్దరూ వీధిలో పలకరించుకోగా
ఈ ఊళ్ళో నేను పుట్టి ముప్ఫైనాలుగేళ్ళలో
ఒక్కసారీ చూడలేదు.
ఎదురైతే ఆవిడ చేపల వాళ్ళ వైపు తిరిగేది,
ఈయన టోపీ సర్దుకునేవాడు.
అడుగుదామనుకున్నాను.
అడిగితే తిరిగిచ్చేందుకు
నా దగ్గర ఏ సొరుగులోనూ ఏమీ లేదు.

లెక్క సరిపోయింది, చిల్లర మిగల్లేదు.
రసీదు యంత్రం మాత్రం
రెండు ముప్ఫైతొమ్మిది అనే అంది.
అది తీసుకుని నాలుగు మడతలు పెట్టి
టోపీ లోపలి పట్టీలో దోపుకున్నాడు.

తలుపు తీశాడు.
పిండి లేచింది.